ఆంటీ కొట్టేయమన్న వాక్యం

రత్నకుమారి ఆంటీ ఇక లేరన్న వార్త మంగళవారం మధ్యాహ్నం ఇక్కడ ఐర్లండ్‌లోనే ఉన్న కాజిల్‌బార్ నుంచి ఆమె కూతురు గ్రేస్ ఫోన్‌లో చెప్పింది. నేస్‌లో మా ఆఫీసు మెట్ల మీద ఆ మాట విన్నాను. దుఃఖం కన్నా ముందు కంగారు మొదలైంది. అందుకు కారణం నేను చేసిన పనే.

తెనాలి నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైన ఆంటీ ఎవరూ ఊహించని వ్యాసంగం చేపట్టారు. పూర్వం అమెరికా పడమటి సరిహద్దుల్లో ఆదివాసీ తెగలకు బందీలుగా చిక్కి, తిరిగొచ్చిన తెల్ల స్త్రీల కథనాలను తెనిగించడం. వాటిలో చాలావాటిని ఆ స్త్రీలు చెబితే పాస్టర్లో ప్రచురణకర్తలో రాశారు, తమకు తోచింది కలిపారు. ఆంటీ పెన్సిల్ పట్టుకుని, కలిపారనిపించిన ప్రతి మాట పక్కనా ప్రశ్నార్థకం పెట్టేవారు. "పేషెంట్ చెప్పింది రాయాలి, మనకనిపించింది కాదు. వార్డులో నేర్పేది అదే నాన్నా" అనేవారు.

తన విషయంలోనూ అంతే. ఎలా ఉన్నారంటే ఈ దేశంలో అందరూ 'గ్రాండ్', బ్రహ్మాండంగా ఉన్నాం, అంటారు. జబ్బు ముదిరాక ఆంటీని అడిగితే, "భయంగా ఉందిరా" అన్నారు.

ఆమె చేతిరాతను టైపు చేసింది నేను. చివరి అధ్యాయంలో ఒకామె ఏళ్ళ తరబడి తెగలో బతికి, సైనికుల వెంట తిరిగొస్తుంది. ఆ క్షణాన ఆమెకేమనిపించిందో మూలంలో లేదు. నాకది వెలితిగా తోచి, 'స్వజనులను చూసి ఆనందబాష్పాలు రాల్చింది' అని చేర్చాను. ఆంటీ పట్టేశారు.

"ఆ ఏడుపు ఎక్కడిది? ఆమె నీకు చెప్పిందా?"

కొట్టేస్తానన్నాను. కొట్టేయకుండానే పుస్తకాన్ని అచ్చుకు పంపేశాను. నా వాక్యం మీద నాకే మమకారం, అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. నా మాట నమ్మి ఆమె వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నమే విజయవాడ ప్రెస్సుకు ఫోన్ చేసి ఆ వాక్యం తీసేయమన్నాను. అచ్చు మొదలైందేమో కనుక్కుని చెబుతామన్నారు. నాలుగు రోజులైంది. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను.

ఆంటీకి నివాళిగా రాస్తున్న ఈ వ్యాసం సంగతి చెబితే గ్రేస్, "జస్ట్ రైట్ షి వెంట్ పీస్‌ఫుల్లీ" అంది. అమ్మ ప్రశాంతంగా పోయిందని రాస్తే చదివేవాళ్ళకు ఊరటగా ఉంటుందట. అంతలోనే తనే, "ఐ వాజ్న్ట్ దేర్" అని, ఆ సమయంలో తను పక్కన లేనందుకు ఏడ్చింది.

అంత నిక్కచ్చి మనిషి, అంత నిష్కల్మష హృదయం మళ్ళీ మాకు దొరకడం దుర్లభం. ఆమెకు నేనర్పించగల అంజలి ఇంతే. రత్నకుమారి ఆంటీ మంగళవారం ఉదయం తొమ్మిదింటికీ పదింటికీ మధ్య కన్నుమూశారు. గదిలో ఎవరూ లేరు. అంతకు మించి మాకు తెలియదు.