మిరప తోటలో నూనె చేతులు

మిరపకాయలు ఏరి ఇంటికొచ్చిన ఒక సాయంత్రం చేతులు విపరీతంగా దురద పెట్టాయి. చొక్కా చేతులు మడిచి చూస్తే ప్రతి వెంట్రుక మొదట్లో ఎర్రటి పొక్కు, కొన్నిటి కొనన చీము. మిరప ఘాటేలే అనుకున్నాను. మా తల్లాడ వైపు ఏరబోయే ముందు మంట పుట్టకుండా చేతులకు కొబ్బరినూనె పట్టించి, పైన మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటాం. మర్నాడు నూనె ఇంకాస్త దట్టంగా పట్టించాను.

పొక్కులు భుజాల దాకా పాకాయి. కుదురుగా కూర్చోలేను, పడుకోలేను. అన్నం తింటూ కూడా మోచెయ్యి గోడకు రుద్దుకునేదాన్ని. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజులు హాయిగా ఉంది. తర్వాత ముందుకంటే ఎక్కువ లేచాయి.

అంతకంటే పెద్ద బాధ ఇంకోటి. మా కూలీల ముఠా పెద్ద సరోజనక్క నా చేతులు చూసి, "గది తగ్గేదాక రాకు చెల్లె. అందరికీ అంటుకుంటే ఏం జెయ్యాలె?" అంది. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ముఠాలో ఒకసారి చోటు పోతే మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం లేదు.

ఖమ్మంలో స్కిన్ డాక్టరమ్మకు చూపించుకున్నాను. షుగర్ టెస్ట్ చేయించింది, షుగర్ లేదు. "ఫాలిక్యులైటిస్ అమ్మా. వెంట్రుక కుదుళ్ళు వాచినయ్. చేతులకేం రాస్తున్నవ్?" అని అడిగింది. చెప్పాను.

"నూనె, చెమట కలిసి కుదుళ్ళు మూసుకపోతున్నయ్. ఆ ట్యూబుల స్టెరాయిడ్ ఉంది, ముందు తగ్గించి తర్వాత ఇంకింత పెంచుతది, బంద్ చెయ్యి."

"కలిసి పనిజేస్తే, కలిసి తింటే అంటుకుంటదా మేడం?"

"అట్ల అంటుకోదు. నీ తువ్వాల మాత్రం ఎవ్వరికియ్యకు."

కడుక్కోవడానికి బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్, పూసుకోవడానికి క్లిండామైసిన్ జెల్ రాసిచ్చింది. తగ్గుతుండగా ఓపిక పట్టలేక ఒక పొక్కు గిల్లాను. అది పెద్ద గడ్డయి, కోసి చీము తీయించుకోవాల్సి వచ్చింది. నా తొందరను నేనే తిట్టుకున్నాను.

తగ్గాక నూనె లేకుండా, వదులు నూలు చొక్కాతో తోటకెళ్ళి, చేతులు చూపిస్తూ డాక్టరమ్మ మాటలన్నీ సరోజనక్కకు చెప్పాను. ఆమె నన్ను పక్కకు పిలిచి తన చొక్కా చెయ్యి పైకి లాగింది. నాకొచ్చినలాంటివే పొక్కులు, పాత మచ్చలతో సహా.

"నాకు నీకంటే ముందుగాలనే వచ్చినయ్. చెప్తే నన్నెవరు రానిస్తరు?" అంది.

కడిగేద్దామని నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి ఆగిపోయాను. "రేపు ఖమ్మం పోదాం పా అక్కా" అన్నాను.

ఇప్పుడు తోట నుంచి రాగానే సబ్బుతో కడుక్కుంటాను. ఎండ ముదిరితే ఒకటీ అరా లేస్తూనే ఉంటాయి, చిరాకు పడుతూనే ఉంటాను. మీకూ ఇలాంటివి లేస్తే గిల్లకండి, షాపువాళ్ళిచ్చిన ట్యూబు రాయకండి. చొక్కా చెయ్యి కిందికి లాక్కోకుండా డాక్టరుకు చూపించండి.