పేరు రాయని నాలుగు గదులు

1953, ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన సంవత్సరం. అప్పుడు నేను వేలూరులో ఒక ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో నర్సును. మాతో పనిచేసిన తెలుగు డాక్టర్లు కొందరు కొత్త రాష్ట్రంలో ఉద్యోగం కోరుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానాల్లోకి తలా ఒక చోట చదివిన డాక్టర్లు వచ్చారు. ఆ మార్పు వల్ల వార్డులో ఏదైనా తేడా వస్తుందని మాలో ఎవరికీ తోచలేదు.

రక్తపరీక్షల ఫలితాలు రాసుకునే పద్ధతి ఒకటి ముందు చెప్పాలి. కేస్ షీట్ అంటే రోగి మంచానికి తగిలించే కాగితం. దాని మీద ఫలితాల పేర్లు రాసేవాళ్ళం కాదు. ఒక నిలువు గీత, దాన్ని కోస్తూ ఒక అడ్డ గీత గీస్తే నాలుగు గదులు వస్తాయి. ఎడమవైపు పైన హీమోగ్లోబిన్, కింద తెల్లకణాలు. కుడివైపు పైన షుగర్, కింద యూరియా, అంటే మూత్రపిండాలు బయటికి పంపవలసిన మలినం. గదుల్లో అంకెలు మాత్రమే వేస్తారు. ఏ గదిలో ఉంది అన్నదే దాని పేరు. డాక్టరు మంచం దగ్గర ఆగకుండానే నాలుగు సంగతులూ చూసుకుపోవచ్చు. చాలా తెలివైన ఏర్పాటని నేను మెచ్చుకునేదాన్ని.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, దగ్గర్లోని గుడియాత్తం నుంచి సుబ్బరాయ శెట్టి అనే రోగిని తీసుకొచ్చారు. బజారులో కిరాణా అంగడి ఆయనది. ఏళ్ళ తరబడి చక్కెరజబ్బు. పిలిస్తే మూలుగుతున్నాడు తప్ప కళ్ళు తెరవడం లేదు. వెంట ఆయన భార్య కామాక్షమ్మ. అక్కడి డాక్టరు పంపిన కాగితం మీద మాకు అలవాటైన నాలుగు గదుల బొమ్మే ఉంది. కుడివైపు పైన 260, కింద 38. ఎడమవైపు అంకెలు మామూలుగా ఉన్నాయి.

మా వార్డు డాక్టరు రాఘవన్ తొందరపడే మనిషి కాదు. మూత్రంలో చక్కెర చూద్దామన్నాడు, చుక్క మూత్రం రాలేదు. రక్తం లాబ్‌కు పంపాడు, ఫలితం రావడానికి సాయంత్రం అవుతుంది. అంతవరకు ఆగితే మనిషి దక్కడేమోనని ఇన్సులిన్ ఇవ్వమన్నాడు. ఇన్సులిన్ రక్తంలో చక్కెరను తగ్గించే మందు. నేను సూదిలోకి మందు ఎక్కించి మంచం దగ్గరికి వచ్చాను.

కామాక్షమ్మ కొంగుతో భర్త మెడ తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తడుస్తోంది. ఆయనకు వాంతులు మొదలై అన్నం మానేశాడని అంతకుముందే చెప్పింది. ఇప్పుడు సూదిని చూసి అడిగింది.

"ఇదీ ఆ సూదేనా అమ్మా? కంపౌండరు పొద్దున్నే వచ్చి ఏసిపోయినాడే. కంజి చుక్క కూడా లోపలికి పోలేదు, సూది మాత్రం తప్పలేదు. అప్పట్నుంచే ఈ చెమట. అంగీ పిండితే కారతా ఉండాది."

రాఘవన్ అడుగు దూరంలో ఉన్నాడు. వెనక్కి తిరిగి రోగి నుదుటి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చక్కెర ఎక్కువైన మనిషి ఒళ్ళు ఎండిపోయి ఉంటుంది. చక్కెర పడిపోతేనే ఇలా చల్లగా చెమటలో నానుతుంది. "సూది అవతల పెట్టు. గ్లూకోజు తీసుకురా," అన్నాడు. ఆయన గొంతులో అంత తొందర నేను అంతవరకు వినలేదు.

గ్లూకోజు నరంలోకి పూర్తిగా ఎక్కకముందే సుబ్బరాయ శెట్టి కళ్ళు తెరిచాడు. చుట్టూ చూసి, "అంగడి తెరిచినారా?" అన్నాడు.

"పానం పోతా ఉంటే ఈ మనిషికి అంగడి తలుపు గుర్తొచ్చినాది చూడమ్మా," అని కామాక్షమ్మ నాతో అని, గోడకు తిరిగి ఏడ్చింది. పక్కన ట్రేలో నేను పెట్టిన సూది నిండుగా అలాగే ఉంది.

లాబ్ ఫలితం వచ్చింది. యూరియా చాలా ఎక్కువ, షుగర్ చాలా తక్కువ. గుడియాత్తం డాక్టరు మరునాడు రైల్లో స్వయంగా వచ్చాడు. ఆయన ఫలితాలు సరిగ్గానే రాశాడు. కాకపోతే ఆయన నేర్చుకున్న బొమ్మలో కుడివైపు పైన యూరియా, కింద షుగర్. అంటే 260 యూరియా, 38 షుగర్; నరంలోకి ఎక్కించే గ్లూకోజు తన దగ్గర లేకనే మాకు పంపాడట. "అందరూ ఇట్లే గదా రాసేది?" అన్నాడు అమాయకంగా. మేమూ అదే అనుకున్నాం, మా బొమ్మ గురించి.

రాఘవన్‌కు ఏదో అనుమానం తట్టింది. వార్డులోని డాక్టర్లందరినీ పిలిచి, ఒకరిది ఒకరు చూడకుండా ఆ బొమ్మ గీసి ఏ గదిలో ఏముంటుందో రాయమన్నాడు. కాగితాలు బల్ల మీద పరిచారు. గీతలు అన్నిటిలో ఒకటే. గదుల్లోని పేర్లు మాత్రం మూడు రకాలుగా ఉన్నాయి.

గుడియాత్తం సంగతి అలా ఉంచి, ఒకే గదిలో ఒకే బల్ల చుట్టూ తిరిగే మేము కొన్ని నెలలుగా ఒకరి అంకెలు ఇంకొకరం చదువుతున్నాం. ఆ నెలల్లో కోలుకున్నవాళ్ళు, కోలుకోనివాళ్ళు నా కళ్ళముందు కదిలారు. "ఇంతకుముందు..." అని మొదలుపెట్టిన రాఘవన్ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

భర్తకు కంజి ఇవ్వవచ్చా అని అడగడానికి వచ్చిన కామాక్షమ్మ బల్ల మీదికి చూసింది. ఎవరి జాతకాలు ఇవి అని అడిగింది. రాఘవన్ దాచలేదు. సగం తమిళంలో సగం తెలుగులో జరిగినదంతా చెప్పాడు. ఆమె ఒక కాగితం చేతిలోకి తీసుకుంది.

"నాకు చదువు రాదప్పా. అయినా జాతకచక్రం చూసినాను. ఇన్ని గళ్ళు ఉన్నా లగ్నం యాడుందో తెలియాలని ఒక గడిలో అక్షరం రాస్తారు. మా ఆయన పానం పెట్టిన చక్రంలో ఒక్క అక్షరం రాసేదానికి మీకు సిరా లేకపోయిందా?"

రాఘవన్ కలం తీసి, ఆమె ముందే సుబ్బరాయ శెట్టి కేస్ షీట్ మీది గదుల్లో అంకెల పక్కన అక్షరాలు వేశాడు. ఆ రోజు నుంచి మా వార్డులో అక్షరం లేని అంకెను నర్సులెవరూ ఒప్పుకోకూడదన్నాడు. నేను రిటైరయ్యేదాకా ఒప్పుకోలేదు. కొందరు డాక్టర్లు విసుక్కున్నారు, ఒకరిద్దరు చాదస్తమన్నారు. అందరికీ తెలిసిందే అని వదిలేసినదాన్ని ఒకసారి అందరినీ అడిగి చూడాలని ఆ బల్ల దగ్గర నేర్చుకున్నాను.

సుబ్బరాయ శెట్టి నడిచి ఇంటికి వెళ్ళాడు. తర్వాత ఆయన్ని పరీక్షలకు తీసుకొచ్చినప్పుడల్లా కామాక్షమ్మ కేస్ షీట్ అడిగి తీసుకునేది. చదవడానికి ఆమె నా దగ్గర నేర్చుకున్నది ఆ షుగర్ అక్షరం ఒక్కటే. ముందు దాని మీద వేలు పెట్టి, ఆ తర్వాతే, "ఇప్పుడు చెప్పమ్మా, ఎంత ఉండాది?" అని అడిగేది.