కిటికీ అవతలి జాయ్‌స్టిక్

2002లో ముదిగుబ్బ బస్టాండు దగ్గర నాకు టీవీలు బాగుచేసే అంగడి ఉండేది. పగలంతా టంకం పెట్టేవాణ్ణి, సాయంత్రాలు హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ణి. యంత్రం ఊళ్లోకి వస్తే కులం ఊరు విడిచిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. రైలుపెట్టెలో పక్కవాడి కులం ఎవడు అడుగుతున్నాడని సభను నిలదీసేవాణ్ణి.

ఆ ఏడు వానల్లేక శెనక్కాయ చేలల్లోనే మాడిపోయింది. పక్క పల్లెలో, బోర్లలో నీళ్లున్న చెన్నప్ప ఇంటికి మాత్రం ఆ కరువు తగల్లేదు. ఆయన కొడుకు సురేశ అనంతపురంలో ఇంటర్ చదువుతూ వీడియో గేముల అంగడికి అలవాటుపడ్డాడు. అక్కడ వాడి జోడీ ఓబులేసు. అదే కాలేజీ, అదే ఊరు. చెన్నప్ప ఇంటి గొర్రెలు కాసే మనిషి కొడుకు, దళితవాడ పిల్లవాడు.

“ఆ అంగళ్ల ఎంబడి తిరిగేది వద్దు. ఆ మిషనేదో ఇంట్లోనే కట్టియ్యప్పా, ఇద్దరాడేది” అన్నాడు చెన్నప్ప నా అంగడికొచ్చి.

పాత కలర్ టీవీ, బెంగళూరులో దొరికిన గేమ్ బోర్డు, వడ్రంగి కోసిచ్చిన ప్లైవుడ్ పెట్టె. ముఖ్యమైనది కంట్రోల్ ప్యానెల్, అంటే జాయ్‌స్టిక్కులూ బటన్లూ బిగించే పలక. ఇద్దరాడే పలక కాస్త వెడల్పుగా ఉండాలి, లేకపోతే మోచేతులు కొట్టుకుంటాయి. నేను కావాలనే ఇరుకుగా చేశాను. భుజానికి భుజం తగలకుండా ఆ ఇంట్లో ఎవరూ ఆడలేరని లోలోపల మురిసిపోయాను.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. రెండో జాయ్‌స్టిక్ పనిచేయడం లేదట.

వెళ్లి చూస్తే నా పలక రంపంతో రెండు ముక్కలై ఉంది. ఒక ముక్క పెట్టెకే ఉంది, దాని ముందు కుర్చీలో సురేశ. రెండో ముక్కను స్టూలుకు బిగించి వరండాలో పెట్టారు. కిటికీ ఊచల మధ్య నుంచి దానికి తీగ లాగారు. స్టూలు దగ్గర ఓబులేసు నిలబడి ఉన్నాడు.

“ఏమన్నా ఇది?” అన్నాను.

“వాడు నడింట్లోకి వస్తే ఆడోళ్లు ఒప్పుకోరప్పా. ఏం తక్కువ చేసినాం వానికి? నీడలోనే పెట్టినాం. బొమ్మ కిటికీలో నుంచి కనపడతాండాది కదా” అన్నాడు చెన్నప్ప.

విప్పి చూశాను. బటన్లన్నిటికీ కలిపి గ్రౌండ్ అనే ఉమ్మడి తీగ ఒకటి ఉంటుంది. అది తెగితే ఏ బటనూ పలకదు. ఎవరో దాన్ని కోసి, సన్నటి స్పీకరు వైరు అతికించారు. అతుకు ఊడిపోయింది.

“లోపల బిగించమంటే ఇప్పుడే చేస్తా. బయట పెట్టేదానికైతే నేను ముట్టను.”

చెన్నప్ప నవ్వాడు. “టంకం పెట్టమని పిలిస్తే ఉపన్యాసం పెడతాండావే!”

ఓబులేసు నన్నే చూస్తున్నాడు. “అన్నా, నా చెయ్యి పడితే మిషను షాక్ కొడతాదా?”

“కొట్టదు.”

“మరి తీగ ఇంత పొడుగెందుకు?”

వాడు కిటికీ వైపు తిరిగాడు. “రేయ్ సురేశా, నీ ముక్క గూడా ఈడికే తెచ్చుకో. ఇద్దరం బయటే ఆడదాం.”

సురేశ తండ్రి ముఖం చూశాడు. “యాడుంటే ఏముందిరా, ఆట ఒకటే కదా?”

“ఒకటే అయితే నువ్వే రా.”

సురేశ కుర్చీలోంచి కదల్లేదు. జాయ్‌స్టిక్ మీద నుంచి చెయ్యి కూడా తీయలేదు.

ఓబులేసు మెట్లు దిగాడు. ఆ వాకిట్లో దళితులెవరూ చెప్పులు తొడగరు, చేత్తో పట్టుకుని గేటు దాటాకే వేసుకుంటారు. వాడు మెట్టు కిందే తొడుక్కున్నాడు.

“ఏయ్, చెప్పులు!” చెన్నప్ప అరిచాడు.

వాడు వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత ఏ సభలోనూ నేను రైలుపెట్టె ఊసెత్తలేదు. భుజాలు తగిలేలా నేను చేసిన పలకను విడదీయడానికి ఒక రంపమూ కాస్త తీగా సరిపోయాయి. వాళ్లు యంత్రాన్ని కాదనలేదు, దానికే అంటు నేర్పారు. నేను బయటికొస్తున్నప్పుడు కూడా తెర మీద రెండో ఆటగాణ్ణి రమ్మనే అక్షరాలు మెరుస్తూనే ఉన్నాయి. పిలవడం వరకే యంత్రానికి చేతనవుతుంది. లేచి బయటికి రావలసింది సురేశ.