మూగ రేడియోలే కావాలి

మా పిన్ని బట్టలు కుడుతుంది. గదిలో ఒక మూల కుట్టుమిషను, మిగతాదంతా చేత్తో పట్టుకెళ్లే పాతకాలం ట్రాన్సిస్టర్లు. ఆఖరికి బాబాయి చొక్కాల అరలో కూడా అవే. బ్యాండ్లు ఎంత ఎక్కువుంటే ఆవిడకి అంత మోజు. కొనడానికి ఒకటే షరతు: రేడియో మూగదై ఉండాలి. "పలికేదాన్ని ఎవరైనా కొంటారు. నేను పలికిస్తాను," అంటుంది. కోతలు కావు, ఇంతవరకు ఏదీ ఆవిడ దగ్గర మొండికేయలేదు.

ఎదురింటి పెద్దావిడ దగ్గరున్న ఎనిమిది బ్యాండ్ల రేడియో మీద మాత్రం పిన్ని ఏళ్ల తరబడి కన్నేసి ఉంచింది. దానికోసం అరలో చోటు కూడా ఖాళీగా అట్టేపెట్టింది. మొన్న ఆవిడే కబురు పెడితే, నన్ను వెంటేసుకుని పరుగెత్తింది.

"మీ బావగారు పోకముందే ఇది మూగబోయిందమ్మాయ్. దానికి వయసైపోయిందిలే అని ఆయనే పక్కన పెట్టేశారు. తీసుకుపో," అంది పెద్దావిడ.

నోరు మూసుకుని తెచ్చేసుకుంటే సరిపోయేది. ఈవిడ ఆగితే కదా! అక్కడే బ్యాటరీలు వేసింది. దీపం వెలిగింది. తిప్పుతుంటే స్టేషను దగ్గర సిగ్నలు చూపే ముల్లు కూడా కదిలింది. శబ్దం మాత్రం లేదు.

"దీనికి జబ్బూ లేదు, వయసూ కాలేదు," అంది పిన్ని ధీమాగా. ఇయర్‌ఫోను పెట్టే రంధ్రంలోకి టార్చి వేసి నవ్వింది. లోపల పిన్ను కొస విరిగి ఇరుక్కుంది. అది ఉన్నంతసేపూ ఇయర్‌ఫోను పెట్టినట్టే లెక్క, స్పీకరు పలకదు. సూదికి జిగురు అంటించి ఆ ముక్కకి ఆనించి, ఆరనిచ్చి, మెల్లగా లాగింది. రేడియో గట్టిగా పాటందుకుంది.

పెద్దావిడ ఆ ముక్కనే చూస్తూ ఉండిపోయింది.

"పిలిస్తే పలకరేమని ఓరోజు ఆయన చెవిలోంచి ఆ వైరు పట్టి లాగేశాను. నేనే విరగ్గొట్టానమ్మాయ్. ఆయన చూసే ఉంటారు. ఒక్క మాటన్నా అన్లేదు."

ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "మాటిచ్చాను, తీసుకుపో," అంది. చెయ్యి మాత్రం రేడియో మీదే ఉంది.

పిన్ని సూది డబ్బా మూసింది.

"ఇది పలుకుతోందిగా అక్కయ్యగారూ. నేను మూగవే కొంటాను."

ఇంటికొచ్చాక ఆ ఖాళీ చోట్లో బాబాయి చొక్కాలు సర్దింది.