రెండో నంబరు ఫర్నేసు ముందు తాత వీపు

మా తాతకి కనుబొమలు లేవు. ఉక్కు మిల్లులో చేరిన కొత్తల్లోనే రెండో నంబరు ఫర్నేసు వాటిని మాడ్చేసింది. మళ్ళీ మొలవలేదు. అందుకే ఆయనకి కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో మొహం చూసి చెప్పడం కష్టం. నేను చెవులు చూసి చెబుతాను. కోపం వస్తే ఎర్రబడతాయి.

ఆ ఫర్నేసుని మా నాయనమ్మ సవతి అంటుంది. "పగలూ రాత్రీ దాని దగ్గరే. ఇంటికొచ్చినా దాని ముచ్చట్లే. నన్నెందుకు చేసుకున్నట్టో, దాన్నే కట్టుకోవాల్సింది!" అని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

తాతకి ఒక వింత అలవాటు ఉంది. పొయ్యి వెలుగుతున్నా, ఆరిపోయి ఉన్నా, వంటింట్లోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వస్తాడు. చిన్నప్పుడు నేను గుమ్మం దగ్గర నక్కి కూర్చునేదాన్ని, నన్ను తన్నుకుని పడతాడేమో చూద్దామని. ఒక్కసారీ పడలేదు, మొండి మనిషి.

అది మిల్లు నేర్పిన నడక. ఫర్నేసు అడుగున కరిగిన ఇనుము బయటికొచ్చే కన్నాన్ని వాళ్ళు 'నోరు' అనేవారు. తాత జట్టులో పొట్టోడని ఒకాయన ఉండేవాడు. ఓసారి నీళ్ళు తాగుదామని దానికి వీపు తిప్పాడు. అదే క్షణంలో నోరు పగిలింది. పొట్టోడు దక్కలేదు. ఆ తర్వాత ఆ జట్టులో ఎవరూ నోటికి వీపు చూపించలేదు. దాహమేసినా, డ్యూటీ దిగినా, ఆఫీసరు పిలిచినా, మొహం అటే పెట్టి వెనక్కి నడిచేవారు.

పొట్టోడి భార్య వచ్చి, ఆయన పనిలో ఉన్న ఫోటో ఒక్కటైనా ఇమ్మని అడిగిందట. ఎక్కడిది? మిల్లు గేటులో కెమెరా కనబడితే లాక్కునేవారు. తాతకీ అంతే. ఉన్నదల్లా గేటు పాసు మీది బొమ్మ. దాని ముక్కు మీదే గుండ్రటి సీలు పడింది.

"తాతా, ఈ సీలు కిందున్నది నువ్వేనా, ఇంకెవరైనానా?" అని నేను ఏడిపిస్తే చెవులు ఎర్రబడేవి.

"ఫర్నేసు ముందు నిలబడ్డ ఫోటో ఒక్కటుండాలే కోతీ. నా మొహమూ అదీ కలిపి. పోయేలోగా ఒక్కటి చాలు" అనేవాడు.

ఆయన కోరికల్లా అదొక్కటే.

మిల్లు మూతపడి, తుప్పుపట్టి, పిచ్చిమొక్కలు మొలిచాక పెద్దవాళ్ళకెవరికో అది చరిత్ర అని గుర్తొచ్చింది. ఫోటోలు తీయమని ఒకాయన్ని పంపారు. లోపల దారి తెలిసిన మనిషి కావాలంటే టీకొట్టువాడు మా ఇల్లు చూపించాడు.

"దారి నేను చూపిస్తా. ఫర్నేసుతో నాకో ఫోటో తియ్యాలి మరి" అన్నాడు తాత.

"తప్పకుండా పెద్దాయనా" అన్నాడు ఫోటోగ్రాఫరు.

తాత పెట్టెలోంచి పాత డ్యూటీ కోటు తీశాడు. బడి మధ్యలో మానేసి టైలరు దగ్గర చేరినదాన్ని కదా, ఊడిన గుండీలన్నీ కుట్టిపెట్టాను. పెళ్ళికొడుకులా తయారయ్యాడు. "సవతి దగ్గరికి బయల్దేరాడమ్మా సింగారించుకుని" అంది నాయనమ్మ. కాలరు సరిచేసింది కూడా తనే.

నేనూ వెంట వెళ్ళాను. లోపల పొద్దస్తమానం ఒకటే మాట: "పెద్దాయనా, కాస్త పక్కకి. ఫోటోలో పడుతున్నారు." తాత పక్కకి జరిగాడు. మళ్ళీ జరిగాడు. గోడకి ఆనుకున్నాడు. చివరికి ఆయన వంతు వచ్చింది.

వెళ్ళి ఫర్నేసు ముందు నిటారుగా నిలబడ్డాడు. మొహం ఫర్నేసు వైపు, వీపు మా వైపు.

"ఇటు తిరగండి పెద్దాయనా."

మెడ కొంచెం తిరిగింది.

"మొత్తం తిరగండి."

ఒక కాలు జరిపాడు. మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు.

"తాతా, అది చల్లారి ఏళ్ళయింది. నోట్లో పావురాలు గుడ్లు పెట్టాయి చూడు. అవేం చేస్తాయి నిన్ను?" అన్నాను.

"నాకు తెలీదటే?" అన్నాడు. కోటు వీపంతా చెమటతో తడిసిపోయింది. తెలుసు. తెలిసినా కాళ్ళు వినలేదు.

వెలుగు తగ్గిపోతోందని ఫోటోగ్రాఫరు గొణిగాడు. "పర్లేదు, ఇలాగే బాగుంది" అని దూరంగా వెళ్ళి నొక్కేశాడు.

ఫోటోల ప్రదర్శన పెట్టారని గోడ మీది పోస్టరు చూసి తెలుసుకున్నాం. మమ్మల్ని పిలిచినవాళ్ళెవరూ లేరు. ముగ్గురం వెళ్ళాం. ఫర్నేసు గోడంత ఉంది. ఆ మూల, బొటనవేలంత తాత వీపు. కింద రాసినది నేను చదివి వినిపించాను: "రెండవ నంబరు ఫర్నేసు. పరిమాణం తెలియడానికి పక్కన ఒక వ్యక్తి."

"పేరు లేదా?" అన్నాడు తాత.

"లేదు."

"చూశావా, నా సవతి మొహం ఎంత చక్కగా పడిందో! నీకు వీపే దక్కింది" అంది నాయనమ్మ. నవ్వుదామనే మొదలుపెట్టింది గాని, సగంలో ఆగిపోయింది.

తాత జనంలోంచి దారి చేసుకుని ఫోటోగ్రాఫరు దగ్గరికి వెళ్ళాడు. "ఇంకొక్కటి తియ్యి బాబూ. ఈసారి తిరుగుతా. ఒట్టు."

"ఫర్నేసు పోయిన నెలే కూల్చేశారు కదండీ. తుక్కు కింద పోయింది. గేటూ చిమ్నీ మాత్రం ఉంచుతారట" అన్నాడతను. "ఫోటోలున్నాయిగా, ఇంక బాధేముంది?"

తాత చెవులు ఎర్రబడలేదు. అది నాకు నచ్చలేదు.

"రా తాతా, ఈ బొమ్మ ముందే నిలబడు. నేను తీస్తా" అని ఫోను తీశాను.

బొమ్మ ఎదురుగా నిలబడ్డాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత నెమ్మదిగా, ఒక్కో కాలూ ఎత్తిపెడుతూ, మొత్తం ఇటు తిరిగాడు. ఫర్నేసు వెనకాలా, కనుబొమల్లేని ఆ మొహం ముందూ. నేను ఫోను ఎత్తాను. మధ్యలో ఒక చెయ్యి అడ్డొచ్చింది.

"ఫోటోలు తీయకూడదమ్మా. బోర్డు చూడలేదా?" అన్నాడు వాచ్‌మన్.

"ఈయన మా తాత! ఆ బొమ్మలో ఉన్నదీ ఆయనే!"

"ఎవరైనా సరే, తీయకూడదు."

నేను గొడవకి దిగబోతే తాత చెయ్యి పట్టుకున్నాడు. "పోనీలేవే. వాడి డ్యూటీ వాడిది."

మర్నాడు పొద్దున తాత టీ గ్లాసు తీసుకుని, పొయ్యికి వీపు తిప్పి, అందరిలాగే వంటింట్లోంచి నేరుగా నడిచి వచ్చేశాడు. నాయనమ్మ గరిటె చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.