కొడుకు పేరున లైబ్రరీ కార్డు

నేను ఏడో తరగతి వరకే చదివాను. సికింద్రాబాద్ కార్ఖానాలో కుట్టుమిషన్లు బాగుచేస్తాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. లెక్కకు కుదరనిది ఏది కనిపించినా నాకు అనుమానమే.

మొన్న మా కవల పిల్లలకు డిగ్రీ రెండో ఏడాది ఫలితాలు వచ్చాయి. కొడుకు కిరణ్‌కు యాభై ఎనిమిది శాతం, కూతురు స్వాతికి ఎనభై ఒకటి. మార్కులు మూడుసార్లు కూడి చూశాను. ఇంట్లో చదువుకునే బల్ల కిరణ్‌ది. రోజూ నాలుగు గంటలు దాని ముందు కూర్చునేదీ వాడే. స్వాతి ఎక్కువగా వంటింట్లోనే ఉంటుంది. మరి ఈ మార్కులు ఎక్కడివి?

మర్నాడు స్వాతి సంచిలో కిరణ్ లైబ్రరీ కార్డు కనిపించింది. కార్డుతో మోసం చేసిన పిల్ల పరీక్షలో చేయదా అనుకుని, ఆమెను వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్ళాను.

"మేడం, మా వాని కార్డుతోని ఈమె ఏం చేస్తున్నది? పరీక్షల కాపీ గిట్ల కొట్టిందేమోనని నాకు షక్ ఉన్నది" అని గట్టిగానే అడిగాను. చదువుకుంటున్న వాళ్ళందరూ తలలెత్తారు.

లైబ్రేరియన్ మేడం రిజిస్టరు నా వైపు తిప్పింది. "రెండేండ్ల సంది ప్రతి శనివారం ఈమెనే వస్తది. అన్న కోసమని పుస్తకాలు తీస్కపోతది. మీ వాడు ఎట్లుంటడో నేను సూడనే లేదు."

"నాకూ కార్డు కావాలని అడగొచ్చు గదా?" అన్నాను స్వాతితో.

"అడిగిన నాన్నా. ఇంటికొకటి చాలన్నవు. పప్పు ఉడికేదాంక పొయ్యి కాడనే చదువుకున్న. ఆ గంటలు నీ లెక్కలకు రాలే."

అక్కడే ఆమె పేరున ఫారం నింపాను. ఇన్నేళ్ళలో నేను అనుమానించనిది నా లెక్క ఒక్కటే.