పన్నునొప్పి పిలగాడు

మహదేవపూర్ నుంచి బస్సులో వచ్చిన తెలిసినాయన జనగామలో దిగి, నేరుగా మా ఇంటికొచ్చి చెప్పాడు, పెద్దమ్మ పోయిందని. మా అమ్మకు అక్క ఆమె. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన మాత్రం, ఇక ఆమెను ఆ సంగతి అడగడానికి లేదే అని.

ఆ సంగతి చెప్తాను. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడిన ఎండాకాలం, నేనూ నా స్నేహితుడూ మంథని దగ్గర ఒక నాటు పడవ అడిగి తెచ్చుకుని, మా నాయిన పాత ధోవతిని తెరచాపగా కట్టి గోదావరిలో బయలుదేరాం. నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. పడవ మమ్మల్ని మోసినదానికంటే మేం దాన్ని మోసిందే ఎక్కువ. దారిలో ఒక రాత్రి పెద్దమ్మ ఇంట్లో ఆగుదామనుకున్నాం. చిక్కల్లా స్నేహితుడితోనే. వాళ్లది తెనాలి, తండ్రి నౌకరీ మా ఊళ్లో. పెద్దమ్మ కొడుకేమో ఆ ఉద్యమంలోనే జైలుకు పోయి ఉన్నాడు. వీడు "అండీ" అన్నాడంటే ఆమె లోపలికి రానిస్తుందో లేదో. అందుకని వాడు నోరు విప్పకుండా చెంపకు తువ్వాల కట్టి, పన్నునొప్పి అని చెప్పాను.

"అయ్యో బిడ్డా, ఏదీ నోరు తెరువు," అని పెద్దమ్మ వాణ్ని వాకిట్లో వెలుతురులోకి లాక్కుపోయింది. ముత్యాల్లాంటి పళ్లు వాడివి. అన్నీ చూసింది. "పుచ్చింది పాపం," అంది. బొడ్డుసంచిలోంచి లవంగం తీసి వాడి దవడలో పెట్టింది. నాకు కోడికూర, జొన్నరొట్టె. వాడికి గిన్నెడు అంబలి. మళ్లీ అంబలి. వాడి చూపు నా కంచం మీంచి కదల్లేదు.

పెద్దమ్మకొక పట్టింపు ఉండేది. గాజులమ్మే ఆమె వచ్చినా సరే, తినకముందు ఏ ఊరని అడిగేది కాదు. "ముందుగాల ఊరడిగితే మెతుకు గొంతుల దిగుతదా? తిన్నంక అడగాలె," అనేది. చెయ్యి కడిగాక మాత్రం వదిలేది కాదు. ఊరు, ఇంటిపేరు, మేనమామల ఊరితో సహా రాబట్టేది. వాణ్ని మాత్రం ఏమీ అడగలేదు. "అంబలి తాగినోడు తిన్నట్టా?" అంది నాతో. పొద్దున పడవ దాకా వచ్చి వాడి చేతిలో సద్దిమూట పెట్టింది. "దారిల తగ్గితది. గప్పుడు తిను." విప్పి చూస్తే అన్నం, పైన కోడికూర.

తెలిసే చేసిందా? తింటే అడగాల్సి వస్తుందనే అంబలి పోసిందా? లేక పాపం నిజంగానే నమ్మిందా? కొడుకు జైల్లో ఉన్న తల్లి, ఏమనుకుని ఆ మూట కట్టిందో! అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట: "ఆ పిలగానికి పన్ను తగ్గిందా?" నవ్వుతోందో లేదో పోల్చుకునేలోపే వంటింట్లోకి పోయేది. "తగ్గింది పెద్దమ్మా," అనేవాణ్ని. "అయితే తోల్కరారాదు, ఇంత తిని పోతడు," అని లోపల్నుంచి కేకేసేది. అప్పటికే వాళ్ల నాన్నకు బదిలీ అయి, వాళ్లు తెనాలి వెళ్లిపోయారు. అంత మంచి పెద్దమ్మ నాకు ఉండటం నా అదృష్టం. కానీ ఆమె మనసు లోతు నాకెప్పుడూ అందలేదు.

కబురు పంపితే దినాలకు వాడు వచ్చాడు. పెద్దమ్మ కొడుకే విస్తరి వేశాడు. "పన్నునొప్పి పిలగానివి నువ్వేనా? కూసో అన్నా," అన్నాడంతే. ఊరడగలేదు. వాడు తలెత్తకుండా తిన్నాడు, మళ్లీ పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, అరుగు మీద పెద్దమ్మ రోజూ కూర్చునే పీట దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మాది తెనాలండీ, పెద్దమ్మగారూ," అన్నాడు ఖాళీ పీటతో. ఇంటిపేరు చెప్పాడు. మేనమామల ఊరు కూడా చెప్పాడు.